బీరువా కోసమని చెప్పిన రైలింజను

"ఈ రంగులో సీసం ఉందా అంకుల్? మా పాప కొరికేసింది."

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా జ్యోతిర్మయి అడిగిన మాట ఇది. ఆమె చేతిలో పాలిథిన్ సంచి, అందులో జానెడు పొడవున్న పాతకాలపు రేకు రైలింజను. ఎర్రటి బాయిలరు మీద, పొగగొట్టానికి కాస్త కింద, చిన్న చిన్న పళ్లగాట్లు. గాట్లు పడినచోట రంగు లేచిపోయి లోపలి రేకు కనబడుతోంది.

పనిబల్ల ముందు కూర్చున్న జాన్‌బాబు చేతిలోని భూతద్దం కింద పెట్టాడు. సంచిలోకి చూశాడు గానీ ఇంజనును బయటికి తీయలేదు.

"బీరువాకన్నారు గదా మేడమ్," అన్నాడు.

జ్యోతిర్మయి తల దించుకుంది.

జాన్‌బాబుకి అరవై ఆరేళ్లు. పుట్టింది జ్ఞానాపురంలోనే, ఇప్పటికీ అక్కడే చర్చి గంట వినబడేంత దూరంలో రెండు గదుల ఇల్లు. రైల్వేలో ఖలాసీగా చేరి ఫిట్టరయ్యాడు. కొత్తగా చేరినవాళ్లకు పాఠాలు చెప్పే గదిలో నమూనా ఇంజన్లు ఉండేవి. మూత తీస్తే లోపల పిస్టన్లూ చక్రాలూ నిజం ఇంజనులాగే కదిలేవి. అవి మొరాయిస్తే సరిచేయడానికి పెద్ద ఇంజన్లతో కుస్తీపట్టే చేతులు పనికిరాలేదు. జాన్‌బాబువి సన్నటి వేళ్లు. ఆ పని ఆయన మెడకు పడింది, తర్వాత అదే ఆయన బతుకైంది. డ్యూటీ దిగాక బయటి ఇంజన్లు ఇంటికి వచ్చేవి. కీ ఇచ్చి వదిలేవి, స్పిరిట్ దీపంతో ఆవిరి పుట్టించేవి, కరెంటువి. పాత దొరల బంగళాల్లో అటకల మీద దొరికినవి కొన్ని, కలకత్తా నుంచి కొరియర్‌లో వచ్చినవి కొన్ని. అరిగిన పళ్లచక్రానికి ఆయన కొత్త పన్ను అతికి ఆకురాయితో రాస్తే, ఏది పాత పన్నో ఏది కొత్తదో ఆయనే మళ్లీ వెతుక్కోవాలి.

ఆయనకొక అలవాటు ఉంది. ఇంజను చేతిలోకి తీసుకునే ముందే అడుగుతాడు, బీరువాకా, పిల్లలకా అని. బీరువాకంటే ఉంచుకుంటాడు. పిల్లలకంటే వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి ఇచ్చేస్తాడు. కారణం చెప్పడు. ముసలాయనకు పొగరని కొందరు, పిల్లలంటే గిట్టదని కొందరు అనుకున్నారు.

జ్యోతిర్మయి దగ్గరున్న ఇంజను ఆమె భర్త మోహనకృష్ణ తాతగారిది. శ్రీరామ్మూర్తిగారు తణుకు నుంచి వచ్చి పోర్టులో క్రేన్ నడిపేవారు. ఓడ దిగిన నావికుడెవరో స్నేహంకొద్దీ ఇచ్చి వెళ్లాడట. స్ప్రింగు తెగి నలభై ఏళ్లుగా ట్రంకుపెట్టెలో పడి ఉంది. పాప మూడో పుట్టినరోజుకు దాన్ని నడిపించాలని జ్యోతిర్మయికి సరదా పుట్టింది. మద్దిలపాలెంలో గడియారాల కొట్టు తాతబాబు జాన్‌బాబు అడ్రసు ఇస్తూ ఒక ముక్క చెప్పాడు: "పిల్లల మాటెత్తకండి మేడమ్, ముట్టడు. బీరువాలో ఎట్టుకుంటానని సెప్పండి."

ఆమె అలాగే చెప్పింది. చిన్న అబద్ధమే కదా అనుకుంది. జాన్‌బాబు స్ప్రింగు మార్చి, లోపల నూనె వేసి, పైన రంగు మీద చెయ్యి వేయకుండా ఇచ్చాడు. పుట్టినరోజునాడు సీతమ్మధారలోని వాళ్ల హాల్లో ఇంజను గరగరమంటూ సోఫా చుట్టూ తిరిగింది. పాప దాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేది. మూడు వారాల తర్వాత గాట్లు కనబడ్డాయి. జూనియర్ కాలేజీలో సీసం సమ్మేళనాల పాఠం ఏటా చెప్పే మనిషి ఆమె. పాత ఎర్ర రంగులూ పసుపు రంగులూ దేనితో చేసేవారో బోర్డు మీద ఎన్నిసార్లు రాసిందో. ఇంటికి తెచ్చుకున్న బొమ్మ దగ్గర మాత్రం ఆ పాఠం గుర్తుకు రాలేదు.

"ఎర్రదాన్లో ఉంటాది. ఈ పసుపు గీతల్లో ఇంకా ఎక్కువ," అన్నాడు జాన్‌బాబు.

"మీరు ఒక్క మాట చెప్పి ఉంటే నేను పిల్లకు ఇచ్చేదాన్నా?"

"నువ్వొక్క మాట సెప్పుంటే నాను ముట్టీవోణ్ణా?"

మేడమ్ పోయి నువ్వు వచ్చింది. లోపలి గదిలోంచి ఆయన కూతురు రోజలిన్ టీ గ్లాసులతో వచ్చింది. ముప్పై నాలుగేళ్లుంటాయి, రెండు జడలు వేసుకుంది.

"తాగండక్కా. మా నాన్న కోపం కీ ఇచ్చిన బండి. కొంత దూరమెల్లి అదే ఆగిపోద్ది."

"కుళాయి వొచ్చే టైమైంది, బిందెలు సూడు," అన్నాడు జాన్‌బాబు. ఆమె వెళ్లేదాకా ఆగాడు.

"ఈ రంగంతా ఉప్పుకాగితంతో గీకి పారేస్తే..." అని జ్యోతిర్మయి అనబోయింది.

"గీకుతావేటి? గీకి ఆ పొడి ఇల్లంతా జల్లుతావా?" గొంతు తగ్గించాడు. "నాను గీకీవోణ్ణి. ఎండు రంగు గీకి నోటితో ఊదీవోణ్ణి. ఇదే బల్ల. దీని కిందే రోజలిన్ కూకునీది, రెండేళ్లది. పెచ్చులు రాల్తే ఏరుకునీది. నాన్నా, పూలు, అనీది. నోట్లో ఎట్టుకుంటే వోళ్లమ్మ పుష్పకుమారి నవ్వీది, పూలు తింటందీ పిల్ల అని. నానూ నవ్వాను."

జ్యోతిర్మయి టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"నాలుగో క్లాసులో మూడేళ్లు కూకోబెట్టారు. మొద్దన్నారు. ఇంటికొత్తే నానూ కొట్టాను. దానికి పదహారేళ్లప్పుడు నాకు కడుపునొప్పి వొచ్చి మెలికలు తిరిగిపోతే ఆస్పత్రిలో రక్తం తీసారు. అప్పుడు తెలిసింది సీసమని. నాకు కడుపునొప్పి వొత్తే పరీక్ష సేసారు. దానికి లెక్కలు రాపోతే బెత్తం తీసారు."

"దాని వల్లేనని ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరంకుల్," అంది. ఓదార్చడానికి ఆమె దగ్గర చదువు తప్ప ఇంకేమీ లేదు.

"నాకు రుజువక్కర్లేదమ్మా. అప్పట్నుంచి రంగు ముట్టను, పిల్లల సేతికి ఇంజనివ్వను."

"ఈ కారణం జనానికి చెప్తే సరిపోయేది కదా?"

"గుమ్మంలోకొచ్చిన ప్రతివోడికీ నా కూతురి కత సెప్పాలా? పక్క గదిలో అది ఇంటాది గదా."

ఇంజనును అక్కడే వదిలేసి, ఇంటి నుంచి పాపను తీసుకుని ఆమె నేరుగా ల్యాబుకు వెళ్లింది. సన్నటి చేతిలో నరం దొరకక రెండుసార్లు గుచ్చారు. నమూనా హైదరాబాదు వెళ్లి ఫలితం రావడానికి నాలుగు రోజులన్నారు. ఆ నాలుగు రోజులూ పాప ఏం చేసినా జ్యోతిర్మయికి పరీక్షలాగే కనబడింది. పిలిస్తే వెంటనే పలకలేదు, ఎందుకు? నిన్న చెప్పిన పద్యం ఇవాళ మరిచిపోయింది, ఎందుకు? ఇల్లంతా తడిగుడ్డతో మూడుసార్లు తుడిచింది. స్టీల్‌ప్లాంట్ షిఫ్టు దిగి వచ్చిన మోహనకృష్ణ, "పిల్లను కాస్త ఊపిరి పీల్చుకోనివ్వు," అన్నాడు. ఆమె వినలేదు.

ఫలితం ఫోనుకు వచ్చింది. రక్తంలో సీసం పదకొండు. మూడున్నర దాటితేనే జాగ్రత్తపడాలి. పిల్లల డాక్టరు, మందు అక్కర్లేదు, ఆ బొమ్మ మళ్లీ ఇంట్లోకి రానివ్వకండి, ఐరన్, కాల్షియం ఉన్న తిండి పెట్టండి, మూడు నెలలకు మళ్లీ చూద్దాం అన్నాడు. జరిగిన నష్టం ఎంత అని అడిగితే, ఒక పిల్ల విషయంలో అది ఎవరూ చెప్పలేరన్నాడు. మొన్న జాన్‌బాబుకి తను చెప్పిన మాటే తిరిగి తనకే వచ్చింది. మోహనకృష్ణ, "అంత ఎక్కువేం కాదు కదా," అన్నాడు. ఆ మాటకు ఇంట్లో ఉండలేక ఆమె మళ్లీ జ్ఞానాపురం వెళ్లింది.

జాన్‌బాబు ఫోను దూరంగా పెట్టుకుని చదివాడు. "నా రక్తంలో అప్పుడు అరవై దాటింది. దానిది ఎంతో తెలీదు. దానికి రక్తం తియ్యలేదు."

రోజలిన్ నేల మీద కూర్చుని డబ్బాలోని మరలను సైజుల వారీగా మూతల్లోకి ఏరుతోంది. గింజలంత మరలు, కంటికి ఒకేలా ఉన్నాయి. ఆమె చెయ్యి ఒక్కసారీ తడబడలేదు. ఈసారి జాన్‌బాబు ఆమెను బయటికి పంపలేదు.

"ఈ పని నాను నేర్పలేదు," అన్నాడు. "సూసి నేర్సుకుంది. సీసమని తెలిసిన రోజునుంచి నాను దానికేటీ నేర్పలేదు. ఏది తప్పినా సీసం, పాపం, అన్నాను. పుస్తకం తీసీసాను. బస్సెక్కడం నేర్పలేదు. పొయ్యి దగ్గిరికి ఎల్లనివ్వడానికి పదేళ్లు పట్టింది. పద్దెనిమిదేళ్లమ్మా. సీసం తిన్నది కొంత. మిగతాది నాను తినీసాను."

"మరిప్పుడు నేర్పొచ్చు గదా," అంది రోజలిన్ తలెత్తకుండా. "నానింకా సావలేదు."

ఆయన బల్ల మీది ఆకురాయి తీసుకున్నాడు, అరగదీయడానికి ఏమీ లేక మళ్లీ అక్కడే పెట్టాడు. ఆ తర్వాత జ్యోతిర్మయి వైపు తిరిగాడు.

"ఆ ఫోను లోపలెట్టెయ్. నీ పిల్ల ఏదన్నా తప్పు సేత్తే ఎందుకు తప్పిందో ఎతక్కు. మళ్లీ నేర్పు. అంతే."

మూడు నెలల పరీక్షకు ఇంకా ఆరు వారాలున్నాయి. పొద్దున్నే పాప కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుని గుమ్మంలో నిలబడితే, జ్యోతిర్మయి మనసులో ముందు వచ్చేది ఆ పదకొండే. దాన్ని ఆపడం ఆమె చేతిలో లేదు. అయినా చతికిలబడి కూర్చుని, ఆ చెప్పు విప్పి పాప చేతికే ఇస్తుంది.

"మళ్లీ తొడుక్కో నాన్నా."