టీ అత్తరు పూసుకున్న రోజు

ముక్కు మాష్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అత్తర్లు కలిపే కార్ఖానాలో ఆయన ముక్కు ఔనంటేనే సరుకు సీసాలోకి ఎక్కేది కాబట్టి తోటివాళ్లు పెట్టిన పేరు అది. ఆ పనికొక కట్టుబాటుంది. కలిపేవాడి ఒంటి మీద ఏ వాసనా ఉండకూడదు. అందుకని ఆయన తలకు నూనె రాసేవాడు కాదు, ముఖానికి పౌడరు అద్దేవాడు కాదు, ఒంటికి రుద్దుకునే సబ్బు కూడా వాసన లేనిదే. "లోకానికంతా అత్తర్లు పూసి, మా బావ మాత్రం మంచినీళ్లలా తిరుగుతాడు" అని మరదలు ఆటపట్టించేది.

ఆయన చేసినవాటిలో అమ్మకానికి పెట్టనిది ఒక్కటే. పెళ్లయిన కొత్తలో భార్య టీ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, "తాగేలోపే ఈ వాసన పోతోందండీ. దీన్ని సీసాలో పెట్టండి చూద్దాం" అంది. అంతే, ఆయన పంతానికి పోయాడు. నానబెట్టిన టీ ఆకు కుళ్లి కార్ఖానా అంతా కంపు కొట్టింది, యజమాని చేత చీవాట్లు తిన్నాడు. చివరికి టీ ఆకు సారంలో నారింజ తొక్క నూనె చుక్కలు వేసి, అడుగున గంధం నూనె పెట్టాక కుదిరింది. నారింజ ముందు పలకరించి వెళ్లిపోతుంది, టీ కాసేపు కూర్చుంటుంది, గంధం మాత్రం పొమ్మన్నా పోదు. ఆ అత్తరు ఆవిడ ఒక్కతే పూసుకునేది.

ఇప్పుడు ఆవిడకు మతిమరుపు జబ్బు. వంటింటికి దారి మర్చిపోయింది, సేవ చేయడానికి వచ్చిన సొంత చెల్లెలి పేరు మర్చిపోయింది. మొగుడొక్కడే మిగిలాడు, అదీ అరకొరగా. పొద్దున్నే ఎవరన్నట్టు చూసేది. ఆయన దుప్పటి సర్దడానికి వంగితే భుజానికి ముఖం ఆనించి, "మీరా!" అనేది. ఆ ఒక్క మాట కోసమే మాష్టారు నిద్ర లేచేవాడు. రానురాను అది ఆలస్యం కాసాగింది. ఆయనకు భయం పట్టుకుంది.

"పాత వాసనలు ఒక్కోసారి జ్ఞాపకాల్ని లేపుతాయంటారు, చూడండి" అన్నాడు డాక్టరు. ఇక మాష్టారి హడావుడి చూడాలి! మళ్లీ ఆ టీ అత్తరు కలిపాడు. సెలవురోజు ఉదయం మెడకీ, చేతులకీ, చొక్కాకీ దండిగా పూసుకుని, కొత్త పెళ్లికొడుకులా గదిలోకి వెళ్లాడు.

ఆవిడ గట్టిగా గాలి పీల్చింది. కళ్లల్లోకి వెలుగొచ్చింది.

"ఇది నాది. మా ఆయన నాకోసం చేశారు. టీ వాసన పోతోందంటే పంతం పట్టి చేశారు."

ఆవిడ నోట అన్ని మాటలు విని ఎన్నాళ్లయిందో! "అవునే, నేనే చేశాను" అంటూ ఆయన పొంగిపోయి దగ్గరికి వంగాడు. ఆవిడ అలవాటుగా భుజానికి ముఖం చేర్చి, చటుక్కున వెనక్కి జరిగింది.

"ఎవరు నువ్వు? నా అత్తరు దొంగిలించావా?"

ఆ కేకలకు మరదలు పరుగున వచ్చింది. ఆవిడ గోడకు నక్కి, "ఇతన్ని పంపెయ్" అని బతిమాలింది.

మాష్టారు ఒళ్లు మండేదాకా రుద్దుకున్నాడు. చొక్కా మార్చాడు. గంధం వదల్లేదు. తను కలిపిన సరుకు ఇంత గట్టిగా నిలిచినందుకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనను తాను తిట్టుకున్నాడు.

"అక్కకి ముఖాలు ఎప్పుడో పోయాయి బావా" అంది మరదలు, తువ్వాలు అందిస్తూ. "రోజూ నీ భుజం వాసన చూసే గుర్తుపట్టేది. ఏ అత్తరూ లేని మనిషంటే ఆవిడకి నువ్వే. వాసనల మనిషివి కదా, నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

ఆయనకు తెలియదు. అందరి వాసనలూ పట్టిన ముక్కుకి తన వాసన ఎప్పుడూ తగల్లేదు. ఎవరిని తప్పుపట్టాలి?

కొన్నాళ్లకు గంధం వదిలింది. కానీ ఏ ముఖమూ నిలవని ఆ బుర్రలో దొంగ ముఖం మాత్రం పాతుకుపోయింది. ఇప్పుడు వాసన తగిలేంత దగ్గరికి ఆయన్ని రానివ్వదు. గుమ్మంలో అడుగు పెడితే చాలు, చెయ్యి అడ్డం పెడుతుంది.

"అక్కడే ఉండు. మా ఆయన రానీ, నీ పని చెప్తారు."

"ఎప్పుడొస్తారమ్మా?"

"వచ్చేస్తారు. నన్ను ఒంటరిగా ఎక్కువసేపు వదలరు."

మాష్టారు గుమ్మం అవతల కుర్చీ వేసుకున్నాడు.

"సరేనమ్మా. ఆయనొచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను."