రాహేలు టీచరు పక్కన

మడిచి చేతిసంచిలో పెట్టుకునే గొడుగును ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ల ఊళ్లో గాలి వీచదని మాత్రం చెప్పగలను. మొన్న పటాన్‌చెరు బస్టాండు దగ్గర మీట నొక్కగానే నా గొడుగు విచ్చుకుంది, మరుక్షణం తిరగబడింది, ఆపైన పుల్లలన్నీ తలో దిక్కు చూశాయి. ఎండలో నిలబడి దాన్ని బుజ్జగిస్తుంటే ఒక ముసలాయన పాతకాలపు నల్లగుడ్డ గొడుగు పట్టుకుని నన్ను రాసుకుంటూ పోయాడు. ఎండకు కాగిన ఆ గుడ్డ వాసన తగిలింది. కొంచెం నూనె, కొంచెం దుమ్ము, కొంచెం తుప్పు. నేను ఎక్కవలసిన బస్సు వచ్చి వెళ్లిపోయింది. నాకు తెలిసినంతవరకు అది రాహేలు టీచరు వాసన.

సంగారెడ్డిలో మిషన్ బడిలో నాకు మూడేళ్లు తెలుగు చెప్పింది ఆవిడే. అవి పందొమ్మిదివందల అరవైల మధ్య సంవత్సరాలు. పొట్టి మనిషి, పెళ్లి చేసుకోలేదు, పోతిరెడ్డిపల్లిలో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. ఒకసారి వానాకాలం గురించి వ్యాసం రాయమంటే, నాకు తెలిసిన సంస్కృత పదాలన్నీ, తెలియనివి మరికొన్ని పేర్చి నాలుగు పేజీలు నింపాను. ఆవిడ చదివింది. గంట కొట్టే మల్లయ్యను లోపలికి పిలిచింది.

“సదువురా. మల్లయ్య ఇంటడు.”

చదివాను. మల్లయ్య మర్యాదస్తుడు, చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

“ఏమర్థమైంది మల్లయ్యా?” అంది టీచరు.

“మంచిగనే ఉంది టీచరమ్మా. ఎవలన్న పోయిన్రా?”

నాకు సున్నా వేసి, పుస్తకం చేతికిస్తూ ఇంకో మాట అంది. “వాన పడ్డదని రాసేతందుకు ఇంత పరేషాన్ ఎందుకు? వానకాలం మల్లయ్య ఇల్లు కురుస్తది. అది రాయి.” ఆ తర్వాత కాలేజీలో నాకు చాలామంది ప్రొఫెసర్లు చాలా నేర్పారు. వాటిలో గుర్తున్నది తక్కువ.

డిగ్రీ చేతికొచ్చాక, డెబ్బైల మొదట్లో, పటేల్‌గూడ దగ్గర కొత్తగా లేచిన ఒక కంపెనీలో టైపు గుమాస్తాగా చేరాను. ఆ రోజుల్లోనే టీచరు ముఖం మీద ఎర్రటి దద్దు లేచింది. రెండు చెంపలూ కమ్మి, ముక్కు మీదుగా కలిసింది. వేళ్ల కీళ్లు వాచి సుద్దముక్క పట్టుకోలేకపోయేది. నోట్లో పుళ్లు. చాలా మందులు, కొన్ని ప్రార్థనలు అయ్యాక హైదరాబాదులో పెద్ద దవాఖానకు వెళితే లూపస్ అన్నారు. ఒంటిని కాపాడవలసిన బలమే ఒంటి మీదికి తిరగబడే జబ్బు. ఎండ తగలకుండా బతకాలి అన్నారు. ఆ మాట చెప్పిన డాక్టరు సంగారెడ్డి ఎండ ఎప్పుడూ చూసి ఉండడు. ఆ రోజునుంచి ఆవిడ గొడుగు లేకుండా బడి మెట్లు కూడా దిగలేదు.

ఆ డాక్టరు ఈ జబ్బు గురించే పరిశోధన చేస్తున్నాడు. వెళ్లినప్పుడల్లా నెత్తురు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవాడు, విద్యార్థులను మంచం చుట్టూ నిలబెట్టి చూపించేవాడు. ఒకసారి ఫోటో కూడా తీశారు.

“ఇన్నేండ్లు పాఠం చెప్పిన, ఒక్కడు ఫోటో తియ్యలే,” అంది తిరిగొచ్చాక. “ఇప్పుడు తీసిన్రు. అచ్చేసేటప్పుడు కండ్ల మీద నల్లపట్టి ఏస్తరంట, ఎవలు గుర్తుపట్టకుండ. పట్టికి కింద ఉన్న దద్దే మన గుర్తాయె.”

ఆవిడకు కోపం వచ్చింది దానికి కాదు. వార్డులో ఇదే జబ్బుతో పల్లెటూరి ఆడవాళ్లు ఉండేవారు. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. కాస్త నయం కాగానే మాత్రలు మానేసి, ఎండలో కలుపు తీయడానికి పోయి, మళ్లీ వచ్చేవారు. కొందరు రాలేదు. “నా నెత్తుర్ల ఏమున్నదో వాళ్లకు దొరికినప్పుడు దొరకనీ. గప్పటిదాంక వీళ్లకు చెప్పేటోళ్లు ఉండాలె గద,” అంది. అలా నా చేత ఒక కాగితం రాయించింది. నేను మళ్లీ నా చదువు చూపించి, ఇది సాంక్రామిక వ్యాధి కాదు అని రాశాను. ఆవిడ నా వైపు ఊరికే చూసింది. కొట్టేసి రాశాను: ఎండల తిరగొద్దు. నయమైందని మాత్రలు ఆపొద్దు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటదు. మధ్యాహ్నం భోజనాల వేళ, కంపెనీ సైక్లోస్టైల్ మిషన్ మీద, కంపెనీ సిరాతో, కంపెనీ కాగితాల మీద కాపీలు తీశాను. వైద్యానికి ఆ కంపెనీ చేసిన సేవ దానికి ఇప్పటికీ తెలియదు.

వార్డులో ఆ కాగితం బాగానే పనిచేసింది. ఊళ్లో పనిచేయలేదు. కుష్టు అన్నారు కొందరు, పేరు చెప్పకుండా “అదే” అన్నారు ఇంకొందరు. బడిలో టీచర్ల గదిలోకి రెండో నీళ్లకుండ వచ్చింది. ఆవిడ దిద్దిన పుస్తకాలను తల్లులు ఎండలో ఆరబెట్టేవారు. ఆమెను తరగతినుంచి తీసేయాలని బడి కమిటీకి అర్జీ పెట్టారు. ఆవిడకు ఆ తరగతి తప్ప మరో సంసారం లేదు.

ఇంతలో కోతల పండుగ వచ్చింది. మా చర్చిలో ఆ రోజు ఎవరి పంటలోంచి వాళ్లు తెచ్చిన కాయో కోడో హర్రాజు వేస్తారు. ఆ ఏడు వచ్చిన డబ్బు వార్డులో ఆడవాళ్ల మందులకు ఇద్దామని టీచరు అడిగింది, అందరూ ఒప్పుకున్నారు. నోరున్నవాడినని వేలంపాట నా చేత నడిపించారు. కొన్నవాడు తిరిగి చర్చికే ఇచ్చేయడం మా దగ్గర ఆనవాయితీ. ఒకే గుమ్మడికాయ ఆ రోజు చాలామంది సొంతమైంది, ఎవరింటికీ పోలేదు. బజారులో ధాన్యం వ్యాపారం చేసే సేటు కూడా వచ్చి మంచి పాట పాడాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

“టీచరమ్మకు జల్దీ నయం కావాలె, దేవదానం. మా పెద్దోనికి సదువు చెప్పిందే ఆమె. గని మా చిన్నోని తరగతి మార్చమని అయ్యగారికి జెర నువ్వు చెప్పు.”

అయ్యగారు అంటే మా పాస్టరు. బడి కమిటీ పెద్ద కూడా ఆయనే. మంచివాడు, ఎవరినీ నొప్పించలేడు, అదే ఆయన ఇబ్బంది. ఆ వారంలోనే టీచరు ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. వచ్చే ఆదివారం ప్రభురాత్రి భోజనం. బలిపీఠం ముందు వరుసగా మోకరిస్తే అయ్యగారు ద్రాక్షారసం గిన్నె పట్టుకుని వస్తాడు, ఆ ఒక్క గిన్నెలోంచే అందరూ తాగాలి.

“అమ్మా, ఈసారికి మీరు ఆఖర్ల రారాదు? అందరు తాగినంక,” అన్నాడు నేల చూస్తూ.

“రాను అయ్యగారు. మధ్యల్నే మోకరిస్త. నా ఎనక ఒక్కలు తాగితె సాలు, అందరు సూస్తరు. అప్పుడు మీ కమిటీ ఏమంటదో అననీ.”

ఆయన తల ఎత్తాడు. “సరే అమ్మా. గట్లయితే అర్జీ నేనే పక్కకు పెడత. గని ఎవలు తాగుతరు?”

“వీడున్నడు గద,” అంది నన్ను చూపించి. “కాగితం రాసినోడు.”

“ద్రాక్షారసం కాదనేటోన్ని కాదు అయ్యగారు,” అన్నాను. ముగ్గురం నవ్వాం.

ఆదివారం ఆవిడ పక్కన మోకరించాను. వెనుక బల్లల మీద దగ్గులు కూడా ఆగిపోయాయి. ఆవిడ తాగింది. అయ్యగారు గిన్నె అంచు గుడ్డతో తుడిచి, పక్కకు తిప్పి, నా పెదవులకు ఆనించాడు. అది అంటదని ఆ హాలులో అందరికంటే బాగా తెలిసినవాడిని నేను. నా వీపు మీద వందల కళ్లు ఉన్నాయని కూడా తెలుసు. పెదవులు బిగించాను. గిన్నె వంగింది, తడి తగిలింది, వెనక్కి పోయింది. అంతటితో ఆగినా ఎవరికీ తెలిసేది కాదు. లేచి తిరిగి వస్తూ జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాను. ఎవరూ అడగకుండా, చాలా శుభ్రంగా. నా తర్వాతి వరుసలో ఒక్కొక్కరే తల వంచుకుని, గిన్నె ముట్టకుండా, దీవెన మాత్రం తీసుకుని లేచారు.

బుధవారం కమిటీ ఆవిడకు విశ్రాంతి ఇచ్చింది. వాళ్లు రాసిన మాట అదే. పూలదండ వేశారు. వీడ్కోలు సభలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. జనం బాగా నవ్వారు.

మరో మూడేళ్లు, మూత్రపిండాలు చెడేదాకా, ఆవిడ నెలనెలా ఆ వార్డుకు వెళ్లి మంచాల పక్కన కూర్చుని కాగితం చదివి వినిపించింది. నేను ఇంతకాలం కరపత్రాలు, యూనియన్ అర్జీలు, పత్రికలకు వ్యాసాలు రాస్తూనే ఉన్నాను. తేలికగా రాస్తానని పేరు. అది ఆవిడ ఇచ్చింది. ఎవరైనా నా రాతను ధైర్యమైన రాత అని మెచ్చుకున్నప్పుడు మాత్రం నా చెయ్యి దానంతట అది మూతి మీదికి పోతుంది.

ఆ వీడ్కోలు సభ అయిన సాయంత్రమే ఆవిడ ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో దారిపొడవునా కూర్చుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆవిడ దండ తీసి కుర్చీ మీద వేసి, పొయ్యి మీద చాయ పెట్టింది. పాలు తక్కువై ఒక్క గ్లాసే అయింది. సగం తను తాగి, మిగిలింది నా ముందు పెట్టింది. అదే గ్లాసు, అదే అంచు. తీసుకుని చివరి చుక్కదాకా తాగాను. ఆవిడ చూస్తూ కూర్చుంది.

“ఈడైతే తాగుతవురా,” అంది. “సూసెటోళ్లు లేరు గద.”