తలుపుల మేడమ్, బేరియం సీసా

మా మేడమ్‌కి ఎక్కడైనా తెరిచిన తలుపు కనిపించిందా, ఇక ప్రాణం కుదుటపడేది కాదు. ప్రయోగశాల తలుపు, అలమర తలుపు, ఫ్రిజ్ తలుపు, ఏదైనా సరే, మాట సగంలో ఆపేసి మరీ వెళ్లి మూసి వచ్చేవారు.

"నాడీకణాన్ని చూసి సిగ్గు తెచ్చుకోండి!" అనేవారు. "గోడలో సన్న ద్వారం తెరుచుకుంటుంది, కాల్షియం లోపలికొస్తుంది. వచ్చి ఊరుకుంటుందా? చాలినంత చేరగానే తనే ఆ ద్వారం మూయిస్తుంది. లేకపోతే కణం చచ్చూరుకుంటుంది. మీరేమో ఇంత చదువు చదివి..."

ఆ తలుపు చప్పుడంటే మాకు హడల్. ఎవర్నైనా గదిలోకి పిలిచి మూశారంటే వాళ్లకి మూడినట్టే. లోపల ఏం జరిగిందో బయటికొచ్చినవాళ్లు చచ్చినా చెప్పేవారు కాదు.

నేను చేరిన నాలుగో నెలలో, నాడీకణాల మీద నేను తీసిన విద్యుత్ రికార్డింగుల్లో ఆ ద్వారాలు మూసుకోవడం మానేశాయి. నలభై కణాల్లోనూ అదే తంతు. ఏదో కనిపెట్టేశానని గంతులేసి, శుక్రవారం అందరి ముందూ చెప్తానని ఒప్పేసుకున్నాను. ఆ శుక్రవారం పొద్దున ద్రావణం కలపబోతూ సీసా మీద చీటీ చదివాను. కాల్షియం క్లోరైడ్ కాదు, బేరియం క్లోరైడ్! రెండూ తెల్లటి పొడులే. బేరియం కూడా అదే ద్వారంలోంచి దర్జాగా వస్తుంది కానీ, ద్వారం మూయించడం దానికి చేతకాదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆర్నెల్లలో పనికిరానని తేలితే ఇంటికి పంపేస్తామని చేరినరోజే చెప్పారు.

"వెళ్లి నువ్వే చెప్పెయ్," అంది పక్కబల్ల అక్క.

"లోపల ఏం చేస్తారక్కా?"

"నేను చెప్పను. వెళ్లు."

మేడమ్ తలుపు మూశారు. సీసా చూపించి జరిగింది చెప్పాను. ఆవిడ సొరుగు లాగి, పాతబడిన గ్రాఫు కాగితం తీసి, సొరుగు మూశారు. అందులోనూ మూసుకోని ద్వారమే!

"నాదే. బేరియమే," అన్నారు.

"మీరా?"

"మా గురువుగారు తలుపు బార్లా తీసిపెట్టి తిట్టారు. వరండా అంతా నిలబడి నవ్వింది. ఏడాదిపాటు నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగలేదు నేను." కుర్చీ నా వైపు జరిపారు. "నీ అంతట నువ్వే వచ్చి చెప్పావుగా, ఉద్యోగానికేం కాదు. ఇవాళ నీ బదులు నేను మాట్లాడతా. సోమవారం కొత్త ద్రావణం కలుపుకో. ముందా కళ్లు తుడుచుకో, అప్పుడు తలుపు తీస్తా."

తుడుచుకుని ఒక్క పరుగున బయటపడ్డాను. వెనక నుంచి కేక.

"అమ్మాయ్! నువ్వూ బేరియమేనా? తలుపూ!"