తువ్వాలు కింద చెయ్యి

మొన్న దండెం మీద బాబాయి తువ్వాలు కనిపించింది. ఎన్నిసార్లు ఉతికినా మిరపకాయ ఎరుపు దాని అంచున మిగిలే ఉంది. ఆ ఏడు మిర్చి యార్డులో జరిగిన సంగతి ఆయన ఎత్తడు. నేనూ ఎత్తకపోతే తప్పంతా మార్కెట్టుదేనని ఇంట్లో అందరూ నమ్మేస్తారు. అందులో నా వాటా చెప్పడానికే ఇది రాసిపెడుతున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది మా శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజుల్లో సాగింది. ఆ ఏడాది అర్థశాస్త్రం పట్టుకున్నాను. పూర్వులు చాలామంది వ్యాపారాన్ని అనుమానంగా చూశారనీ, రెండు శతాబ్దాల కిందటి పరదేశపు పండితుడొకాయన మాత్రం ఇచ్చిపుచ్చుకోవడం మనిషి స్వభావంలోనే ఉందన్నాడనీ చదివి పొంగిపోయాను. రుజువు మా వాకిట్లోనే ఉంది. చీరాల నుంచి చీరల మూటతో వచ్చే ఆయనకు పిన్ని ఎండు మిరపకాయలిచ్చి జాకెట్టు ముక్క తీసుకునేది. ఎదుటివాణ్ణి గెలిచామని ఇద్దరూ లోపల నవ్వుకునేవారు.

బాబాయి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. ఉగాదిలోపు కౌలు కడితేనే మరుసటేడు ఆ చేను ఆయనది. గుంటూరు యార్డులో కాయలు దించాం. అక్కడ ధర నోటితో చెప్పరు. కొనే ఆయనా, మన తరఫు కమీషన్ వ్యాపారీ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి తేల్చుకుంటారు. మొదటిరోజు బాబాయి తువ్వాలు కిందే తేలిన ధర కౌలుకు సరిపోయేది, అంతే. బాబాయి నా వైపు చూశాడు. కొనేవాడికీ కొనక తప్పదు, అది మనిషి స్వభావం, ఆగుదామన్నాను. మావాడు లైబ్రరీ అంతా చదివాడని బాబాయి పక్క రైతులకు గర్వంగా చెప్పాడు.

రెండోరోజు ధర తగ్గింది. ఎండకు కాయ రంగూ తగ్గింది. కమీషన్ వ్యాపారి నవ్వాడు. "ఏం మావా, కాయకి సంబంధాలు చూస్తున్నావా? వచ్చినోడికి ఇచ్చెయ్."

మూడోరోజు మా రాశి దగ్గరికి ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నానికి బాబాయి తనే లేచాడు. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని కొనేవాళ్లందరి ముందుకూ వెళ్లి నిలబడ్డాడు. రైతు అలా చెయ్యి చాచడం ఆ యార్డులో అంతకుముందు నేను చూడలేదు. ఒక్కరూ దాని కింద చెయ్యి పెట్టలేదు. వాళ్లకి వేరే రాశులున్నాయి. ఆయన చెయ్యి ఆ గుడ్డ కింద ఒంటరిగా ఎదురుచూడటం నాకు కనిపిస్తూనే ఉంది.

తిరిగొచ్చి బస్తా మీద కూలబడ్డాడు. "అబ్బాయ్, ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడన్నా యార్డులో పడుకున్నాడంటావా?"

సాయంత్రానికి, చివరికి వచ్చిన ఒకాయన ఇస్తానన్నంతకు ఇచ్చేశాం. అది కౌలుకు చాలలేదు, చేను పోయింది.

ఆ మూడు రోజులూ మాకు టీ పోసిన మస్తాన్‌కి, రాశికి గోనెపట్టా కప్పిన హమాలీ వెంకయ్యకి, తిరుగు ప్రయాణంలో కిరాయి అడగని ఆటో శ్రీనుకి, ఇది రాయడానికి అదే పుస్తకం మళ్లీ అడిగితే ముద్ర వేసిచ్చిన గ్రంథపాలకురాలు కోటేశ్వరమ్మ గారికి నా కృతజ్ఞతలు. బాబాయి ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర వాచ్‌మన్. లోపల ఎవరెవరి కాయలో మంచి ధర కోసం చల్లగా నెలల తరబడి ఆగుతాయి. ఆయనకు ఆగడానికి మూడు రోజులు కూడా లేవన్న సంగతి నేను చదివిన పుస్తకంలో లేదు.