మోటార్‌ఖానాలో మూరెడు కారు

మా తాతకు తాత లక్ష్మణరావు రెండు తాలూకాల శిస్తు వసూలు చేసి ఖజానాకు చేర్చిన దేశ్‌ముఖ్. ముత్తాత నరహరిరావు సర్కారు గుర్రపుశాలలకు దారోగా. ఆయన సంతకం లేనిదే ఒక్క గడ్డిబండి కూడా శాలల్లోకి కదిలేది కాదు. తాత రంగారావు నాటికి గుర్రాలు లేవు, తాలూకాలూ లేవు. మాదన్నపేట కూరగాయల మండీ వెనకాల దేవిడీ అనే ఒక పాత పెద్ద లోగిలిలో సగం, ఆ సగంలో ఒక మోటార్‌ఖానా, అందులో ఒక విలాయతీ కారు మిగిలాయి. పేర్లు ముందు చెప్పింది గొప్ప కోసం కాదు. మా ఇంట్లో ఏ సంగతైనా ఇట్లాగే మొదలుపెట్టేవాళ్ళు. ఆ అలవాటు మానుకోవలసిన అవసరం నాకు కనిపించలేదు.

ఈ ఉదయం జల్‌పల్లిలో, మేడమీది నా గదిలో, థిన్నర్ సీసా మూత తీశాను. ముక్కుపుటాలను కోసుకుంటూ పోయే ఆ ఘాటు వాసనకు వీధిలో వాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నాకు మాత్రం దసరా గుర్తొస్తుంది. నా గదిలో మూడు అద్దాల బీరువాల నిండా కార్లున్నాయి. అన్నీ ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో వచ్చినవి, అన్నీ నేను నా చేతులతో అతికి, రంగులేసి నిలబెట్టినవి. అసలు కారులో ఎనిమిదో వంతు ఉండే పెద్ద నమూనాలు, పైగా ఇప్పుడు ఎక్కడా తయారుకానివి, మాత్రమే కొంటాను. అరచేతిలో పట్టే వాటి జోలికి పోను. వీటన్నిటికీ మొదటిది, నా పదకొండో ఏట కట్టినది, నడి బీరువాలో పై అరలో ఉంటుంది.

మోటార్‌ఖానా తలుపుల సంగతి చెప్పకపోతే ఆ కారు సంగతి అర్థం కాదు. రెండు నిలువుల ఎత్తు టేకు తలుపులు, మీద ఇత్తడి బొడిపెలు, కింద ఒకప్పుడు గుర్రాలు తన్నిన గుంటలు. వాటిలో కుడి రెక్కకు ఒక చిన్న దిడ్డి తలుపు ఉండేది. మనుషులు, ఎంతటివాళ్ళైనా, ఆ దిడ్డిలో తల వంచి వెళ్ళవలసిందే. రెండు రెక్కలూ తెరవడం బండి కోసం మాత్రమే. దసరా నాడు పొద్దున్నే రెండు రెక్కలూ బార్లా తెరిచి, కడిగిన కారుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ పెట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు ఉంచి, తాత హారతి ఇచ్చాక, డ్రైవరు గఫూర్ చాచా బండిని ముందుకు ఉరికించి ఆ నిమ్మకాయల్ని చిదిమేవాడు. ఆ పులుపు వాసన, నాయనమ్మ వంటింట్లోంచి వచ్చే భక్ష్యాల నెయ్యి వాసన, గోడ పక్కన ఆడవాళ్ళు పంచే సత్తుపిండిలో, రొట్టె నలిపి చేసిన మలీదలో బెల్లం వాసన, అన్నీ ఒకటిగా కలిసి వాకిట్లో నిలిచిపోయేవి. గల్లీ అంతా వచ్చి చూసేది.

నాకు పదకొండేళ్ళ వేసవిలో దేవిడీ పైకప్పు ఒక మూల కూలింది. తాత కారు అమ్మాడు. కొన్నవాళ్ళ మనిషి వచ్చి బండిని నడుపుకుపోతుంటే, తాత రెండు రెక్కలూ తెరిపించి, షేర్వానీ తొడుక్కుని, ఎవరినో సాగనంపినట్టు నిలబడ్డాడు. తరువాత తలుపులు మూసి గడియ పెట్టారు. గఫూర్ చాచాకు నడపడానికి బండి లేదు, అయినా రోజూ పొద్దున్నే ఖాకీ చొక్కాతో వచ్చి, దిడ్డిలోంచి లోపలికి వెళ్ళి, ఖాళీ నేలను ఊడ్చి వెళ్ళేవాడు.

దేవిడీలో వెనక సగం మా చిన్నతాతది. ఆయన నోరు మంచిది కాదు. బోనాల నాడు అందరి ముందూ తాతను అడిగాడు:

“ఏందన్నా, గీ దసరాకు తలుపులు తెరిపిస్తవా? పూజ దేనికి చేస్తవ్, గోడకా?”

తాత నాయనమ్మ వైపు తిరిగాడు. “బండి లేంది తలుపులు తెర్వం. గంతే.”

మూడు తరాలుగా తెరుచుకున్న తలుపులు ఈ దసరాకు తెరుచుకోవు. తాత చెప్పాక ఇక మాట మారదు. ఆయన మాట మార్చడం మాలో ఎవరూ చూడలేదు.

ఆ నెలలోనే ఒక గురువారం గఫూర్ చాచా జుమ్మెరాత్ బజార్ నుంచి, ఒక మూల చిరిగిన పెద్ద అట్టపెట్టెను తల మీద పెట్టుకుని వచ్చాడు. ఎవరో దొరలు ఊరు విడిచిపోతూ వదిలేసిన సామానులో, తుప్పు పట్టిన తాళాలకూ పగిలిన గ్రామఫోను పళ్ళేలకూ మధ్య దొరికిందట. మూత మీద ఒక కారు బొమ్మ ఉంది.

“బేటీ, జర సూడు. మన బండి మూతి లెక్కనే లేదా?”

నిజమే. అదే నిలువు మూతి, అవే తామర మొగ్గల్లాంటి పెద్ద దీపాలు, అదే పక్కకు సాగిన మడ్‌గార్డు. తాత అరుగు మీది నుంచే ఒక చూపు చూశాడు.

“ముసలితనంల బొమ్మలు తెస్తున్నవా గఫూర్?”

“బొమ్మ గాదు సర్కార్. పుర్జాలు. ఫిట్ చేస్తే బండి అయితది.”

తాత హుక్కా వైపు తిరిగాడు. కాని ఆ సాయంత్రం మోటార్‌ఖానాలో పనికి కూర్చోవడానికి తాళంచెవి అడిగితే, కాదనలేదు.

పెట్టె తెరిస్తే చింతకాయలు కొమ్మకు వేలాడినట్టు సన్నటి ప్లాస్టిక్ కాడలకు వేలాడుతున్న వందల ముక్కలు: ఇంజను తలకాయ, ఫ్యాను రెక్కలు, నా చిటికెన వేలంత సైలెన్సరు, నిజమైన రబ్బరు టైర్లు, వెండిలా మెరిసే బంపర్లు. ఏ ముక్క ఎక్కడ అతకాలో అంకెలతో బొమ్మలు గీసిన కాగితం ఉంది, రాత మాత్రం మాలో ఎవరికీ రాని భాష. గఫూర్ చాచాకు ఆ కాగితం అక్కరలేదు. నలభై ఏళ్ళు ఒకే బండి కింద పడుకుని చూసినవాడు. గవ్వంత ముక్కను పట్టుకుని, “గిది డైనమో, ఎడమ దిక్కు కూసుంటది,” అనేవాడు. అది అక్కడే కూర్చునేది. బాడీ ముందు కడదామని నేను తొందరపడితే ఒప్పుకునేవాడు కాదు. “ముందుగాల ఇంజన్, దాని తర్వాత గేర్‌బాక్స్. పైకి రంగు కనిపిస్తే నడుస్తదా బండి? జల్దీ చేస్తే పని ఖరాబ్ అయితది.” ఈ రోజుకీ నేను ఏ కిట్టు కట్టినా ఇంజనుతోనే మొదలుపెడతాను.

పెట్టెలో ఇచ్చిన జిగురు గొట్టం ఎండి రాయి అయింది. తుమ్మజిగురు పెట్టాం, పట్టలేదు. వడ్రంగి దగ్గర కలప అతికే సరేసు తెచ్చి కాచి పెట్టాం, పొద్దునకు పెంకులా ఊడివచ్చింది. చివరికి సైదాబాద్ దారిలో కార్లకు రంగులేసే షెడ్డు మిస్త్రీ నవ్వాడు. “ప్లాస్టిక్ మగ్గు మీద థిన్నర్ పడితే ఏమైతది? కరుగుతది. రెండు ముక్కలు కరిగి కలుస్తే ఇగ విడువయి.” మిగిలిన కాడల్ని కత్తిరించి, సిరా బుడ్డిలో థిన్నరు పోసి నానబెడితే చిక్కటి జిగురు తయారైంది. చీపురుపుల్లతో దాన్ని అంచుకు తాకించి, ఊపిరి బిగబట్టి ఇరవై లెక్కపెట్టేంతసేపు అదిమి పట్టేవాళ్ళం. ఆ అతుకు చేతికి పట్టుబడడం, నా జీవితంలో నేను మొదట నేర్చిన విద్య.

రంగు దగ్గర మళ్ళీ ఆగాం. మెరూన్ రంగు ముక్కల మీద నిలవకుండా ముత్యాలు ముత్యాలుగా జారిపోయింది. నాయనమ్మ దిడ్డిలోంచి వంగి లోపలికి వచ్చి, ఒక ముక్కను వేళ్ళ మధ్య రాసి చూసింది.

“జిడ్డు ఉన్నదే దీనికి. కొత్త కుండనన్న కడగకుంట వాడుతమా? కుంకుడుకాయ రసం తీస్త, తలకు పొయ్యి.”

బావి దగ్గర ఇత్తడి పళ్ళెంలో ఆ కారు ముక్కలన్నిటికీ, నాకు ఆదివారం చేయించినట్టే, తలంటు పోశాం. ఎండలో చాటలో ఆరబెట్టాం. కాకి ఒక హారను ఎత్తుకుపోబోతే వెంటబడి విడిపించాం. ఆ తరువాత రంగు నిలిచింది.

అన్నీ కుదిరాయి, స్టీరింగు చక్రం ఒక్కటే లేదు. కాడ మీద అది ఉండవలసిన చోటు విరిగి ఖాళీగా ఉంది. చార్మినార్ దాకా పోయి గాజుల అంగళ్ళలో వెతుకుదామని చాచా అన్నాడు. నాయనమ్మ లోపలికి పోయి, ట్రంకుపెట్టె అడుగునుంచి, నాకు పురుటి స్నానం నాడు దిష్టి తగలకుండా తొడిగిన నల్లగాజు తెచ్చింది. కొలిచి చేసినట్టు సరిపోయింది.

అరుగు మీది నుంచి తాత గొంతు వినిపించింది. “గాజుతోని కారు నడుపుతరా ఎవరన్న?”

“నడిపేది ఆడపిల్లనే గద,” అంది నాయనమ్మ, తల ఎత్తకుండానే.

గఫూర్ చాచా నవ్వాపుకోలేక చేతిలోని రేడియేటరు ముక్క జారవిడిచాడు. తాత నవ్వాడో లేదో నాకు కనిపించలేదు.

ఆ ఏడు దసరా రంజాన్ నెలలో వచ్చింది. చాచా పొద్దంతా ఉపవాసంతో, థిన్నరు వాసనకు ముక్కుకు రుమాలు కట్టుకుని పనిచేశాడు. సాయంత్రం మసీదులో పిలుపు వినిపించగానే ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చునేవాడు. పండుగ ముందు రోజుకు కారు నాలుగు చక్రాల మీద నిలబడింది. మూరకు కొంచెం పైనే పొడవు. తలుపులు తెరుచుకుంటాయి, బానెట్టు లేస్తుంది, నల్లగాజు తిప్పితే ముందు చక్రాలు తిరుగుతాయి. కాని తలుపుల సంగతి ఇంకా తేలలేదు. అది బండి అవునో కాదో చెప్పవలసింది తాత.

ఆయన దిడ్డిలోంచి వంగి వచ్చాడు. కింద కూర్చోగా నేను చూసింది అదే మొదటిసారి. చిటికెన వేలితో బానెట్టు ఎత్తాడు. ఇంజను వైపు చాలాసేపు చూశాడు. డైనమో ఎడమవైపు ఉందో లేదో చూశాడు. చక్రాన్ని ఒక్కసారి తిప్పి, అది ఆగేదాకా ఆగాడు. లేచి, పంచె దులుపుకుని, “గఫూర్, రేపు పొద్దుగాల తలుపులు రెండు తియ్యి,” అన్నాడు.

పొద్దున్నే ఆ రెండు రెక్కలూ కిర్రుమంటూ తెరుచుకున్నప్పుడు, గల్లీలో పోయేవాళ్ళు ఆగి లోపలికి చూశారు. అంత పెద్ద నేల నడుమ, ఎర్రజంపఖానా మీద, బంతిపూల దండలో సగం మునిగిన మూరెడు కారు. ఎవరూ నవ్వలేదు. చిన్నతాత కొడుకులతో వచ్చి నవ్వడానికి నోరు తెరిచాడు, కాని తాత అప్పటికే షేర్వానీలో, అసలు కారు ముందు నిలబడినట్టే నిలబడి, హారతి పళ్ళెం ఎత్తాడు.

నాయనమ్మ మండీలో ఏరి ఏరి అన్నిటికంటే చిన్న నిమ్మకాయలు తెచ్చింది. చక్రాల కింద పెట్టాం. చాచా రెండు వేళ్ళతో కారును నెట్టాడు. అది నిమ్మకాయల మీదికి ఎక్కి, కూర్చుంది. ఒక్క కాయా చిట్లలేదు. మళ్ళీ నెట్టాడు. కాయలు పక్కకు దొర్లాయి. నిమ్మకాయ చితకనిదే పూజ అయినట్టు కాదు. మా ఇంట్లోనే కాదు, బండి ఉన్న ఏ ఇంట్లోనైనా అంతే. అందరూ చూస్తున్నారు. తాత ముందుకు వంగి, కారు కప్పు మీద అరచెయ్యి పెట్టి, నొక్కాడు.

ఒక నిమ్మకాయ చిట్లింది. దానితోపాటే కటుక్కుమని చప్పుడైంది, ముందు ఎడమ చక్రం పక్కకు వాలిపోయింది.

చిన్నతాత గొంతు సవరించుకున్నాడు. తాత చెయ్యి తీసి, నిటారుగా నిలబడి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అన్నాడు:

“గఫూర్, ముందు యాక్సిల్ పోయింది. షెడ్డుకు తోలు.”

“జీ సర్కార్. రెండు దినాలు పడ్తది.”

“పడనీ. పని మంచిగ గావాలె.”

చిన్నతాత ఏమనాలనుకున్నాడో తెలియదు. సాయంత్రం జమ్మి ఆకు బంగారమని పంచుకునేటప్పుడు, అన్న చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాక, వంగి, ఒక ఆకు కారు బానెట్టు మీద కూడా పెట్టాడు. ఆయనను నేను అప్పుడే క్షమించాను.

భక్ష్యాలు మూటగట్టుకుని చాచా ఇఫ్తారుకు ఇంటికి వెళ్ళిపోయాక, తాత నన్ను పిలిచాడు. “తప్పు నాదే బిడ్డా. గంత బలం పెట్టద్దుండె.” మా ఇంట్లో ఒక పెద్దమనిషి పిల్లకు ఈ మాట చెప్పడం అంతకు ముందు జరగలేదు, తరువాతా జరగలేదు.

మరో రెండు రోజుల్లో సిరా బుడ్డి జిగురుతో యాక్సిల్ అతికాం. అతికిన చోట మళ్ళీ విరగలేదు. ఆ చక్రం మాత్రం నేటికీ కొద్దిగా లోపలికి వాలి ఉంటుంది. తాత బతికున్నన్నాళ్ళూ ప్రతి దసరాకూ ఆ తలుపులు ఆ కారు కోసమే తెరిచారు. నిమ్మకాయల్ని మాత్రం ముందే కత్తితో సగం కోసి పెట్టేవాళ్ళం.

ఇప్పుడు మండీ వెనకాల దేవిడీ లేదు. షెడ్డు మిస్త్రీ లేడు. ఆ వరుసలో సెల్‌ఫోను దుకాణాలున్నాయి. గఫూర్ చాచా మనవడు ఆటో నడుపుతాడు, దసరాకు పసుపు పెట్టించుకోవడానికి నా దగ్గరికే తెస్తాడు. పోయిన నెల ఇట్లాంటి నమూనాలు సేకరించే ఒకాయన వచ్చి బీరువాలన్నీ చూసి, పై అరలోని కారు దగ్గర ఆగిపోయాడు. అలాంటి కిట్టు ఈ దేశంలో ఇంకొకటి లేదన్నాడు. స్టీరింగు అసలుది తెప్పించి, యాక్సిల్ సరిచేయించి తనే తీసుకుంటానన్నాడు. స్టీరింగు అసలుదేనని చెప్పి, టీ ఇచ్చి పంపాను. ఆ కారు అమ్మకానికి లేదు.

గుర్రాలు ముత్తాత కాలంలోనే అమ్ముడుపోయాయి. విలాయతీ కారు తాత అమ్మాడు. దేవిడీని మా నాన్న, చిన్నతాత కొడుకులు కలిసి అమ్మారు. కొన్నవాళ్ళు ఆ తలుపులు తమకు అక్కర్లేదని, ఇనుప షట్టరు పెట్టుకుంటామన్నారు కాబట్టి, చివరిసారి రెండు రెక్కలూ తెరిపించి, కారును రెండు చేతుల్లో పట్టుకుని బయటికి వచ్చాను. ఆ మధ్యాహ్నమే మోటార్‌ఖానా తలుపులు రెండింటినీ పాత టేకు కలప కింద అమ్మాను.