పద్దెనిమిది మంది చూసిన చక్కెర

"ఫోన్ అలవ్డ్ నహీ హై" అంది బడి ప్రిన్సిపాలమ్మ.

"ఠీక్ హై మేడమ్. పిల్లకి షుగర్ పడిపోతే మోగే ఫోన్ ఇది. మీరే ఉంచుకోండి. మోగగానే మూడంతస్తులెక్కి జూస్ తాగించండి. ఆ మాట రాసి సంతకం పెట్టండి, చాలు" అంది సునంద.

ప్రిన్సిపాలమ్మ ఒకసారి తన మోకాళ్ళకేసి చూసుకుని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. తోడు వెళ్ళిన నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

జనక్‌పురిలో మా పై వాటా సునందది. సర్కారు ఆఫీసులో గుమాస్తా. భర్త ఉద్యోగం గౌహతిలో. తొమ్మిదేళ్ళ కూతురు ఇషితకు ఆరో ఏటి నుంచీ షుగరు. రోజూ నాలుగు సూదులు. జబ్బకి అతికించిన బిళ్ళ ఒంట్లోని చక్కెర ఎంతో ఫోనుకు చెబుతుంది.

"కుటుంబమంతా పాలుపంచుకోవాలి" అని ఆసుపత్రివాళ్ళు ఆ అంకెను అందరికీ చూపే ఒక యాప్ ఇచ్చారు. సునంద నమ్మి పద్దెనిమిది మంది బంధువులను చేర్చింది. సూది పట్టుకున్న పాపాన ఒక్కరూ పోలేదు. అంకె పెరిగితే "కాకరరసం పట్టు" అని కాకినాడ నుంచి ఫోను. అంకె పడిపోతే అందరి ఫోన్లూ మోగుతాయి. ఎవరో ఒకరు 'చూశాను' అని నొక్కితే, పిల్ల సంచిలోదానితో సహా అన్నీ ఆగిపోతాయి. ముందు నొక్కినవారికి ఒక నక్షత్రం. వైశాలిలో ఉండే మరిది సుధీంద్రకు ఇప్పటికి నలభై ఒకటి!

మొన్న మంగళవారం, బడి నుంచి వచ్చిన ఇషిత మెట్లమీదే కూలబడింది. బట్టలు తీయడానికి వెళ్తూ నేను చూశాను. ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. పంచదార నీళ్ళు తాగించి సునందకు కబురు చేశాను. ఆమె ఉరుకులు పరుగుల మీద వచ్చింది. వెనకే, కబురు తెలిసి సుధీంద్ర.

"రెండు సెకన్లలో నొక్కాను వదినా!" అన్నాడు.

"నొక్కి?"

"నువ్వు చూసుకుంటావనుకున్నా."

"మోత ఆగింది కదా, ఎవరో ఇంటికి ఫోన్ చేసుంటారని మీటింగులో నేనూ అనుకున్నా."

సునంద పిల్ల వీపు నిమురుతూనే యాప్‌లోంచి ఒక్కొక్క పేరూ తీసేసింది.

"నా నక్షత్రాలు కూడా పోతాయా వదినా?"

సునంద ఇంట్లో ఉన్న పాత ఫోనులో ఆ యాప్ వేసి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మామ్మగారూ, ఇది మోగితే ఏమీ నొక్కకండి. పైకెళ్ళి జూస్ ఇచ్చి, అది మొత్తం తాగేదాకా పక్కనే కూర్చోండి."