బాపు గీసిన ఇంగ్లండు దారి

మా చిన్నప్పుడు... శుక్రవారం పొద్దున్నే మా ఇంట్లో చాప మీద ఇంగ్లండు పరుచుకునేది.

నవ్వకండి, నిజమే చెబుతున్నా. సౌదీలోని రాస్ తనూరాలో మాది రెండు గదుల క్వార్టర్. బాపు, అంటే మా నాన్న, ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రైవర్. బండి తోలడమే కాదు, విప్పి బిగించడం కూడా తెలిసిన మనిషని కంపెనీ వాళ్లు అమ్మనూ నన్నూ తెచ్చుకోనిచ్చారు. ఒక ఇంగ్లండు ఇంజనీరును బాపు ఏళ్ల తరబడి తిప్పాడు. ఆ సాబ్ రిటైరై వెళ్తూ తన రోడ్డు మ్యాపుల పుస్తకం బాపు చేతిలో పెట్టి, "మా దేశం రా. కారు నాది, స్టీరింగ్ నీది. నీకు నచ్చిన దారిలో పోదాం" అన్నాడట. వీసాకు కావలసిన ఉత్తరం పంపిస్తానని కూడా చెప్పాడు.

ఇంకేముంది... ఆ చలికాలమంతా మా ఇంట్లో అదే పని.

ఆ పుస్తకంలో కొన్ని రోడ్లకు ఆకుపచ్చ అంచు ఉండేది. చుట్టూ చూడ్డానికి బాగుంటుందని గుర్తు. నీలం గీతలంటే పెద్ద పెద్ద రోడ్లు. బాపుకు నీలం అంటే ఒళ్లుమంట. "సీదా రోడ్డు ఈడ తోలి తోలి యాష్టకొచ్చింది బిడ్డా. మనకు వంకర దారే కావాలె" అనేవాడు. అలా బర్ఫర్డ్ నుంచి బైబరీకి, అక్కడి నుంచి వాగు పక్క సన్నటి దారి... పెన్సిలుతో గీసేది బాపు. ఊళ్ల పేర్లు చదివేది నేను.

ఎక్కడెక్కడ ఆగాలో కూడా బాపే చెప్పి నాతో రాయించేవాడు... నమాజు వేళల్ని బట్టి! ఇక్కడ సౌదీలో అప్పట్లో సలా, అదే నమాజు వేళ, అయిందంటే పెట్రోలు బంకు దగ్గర్నుంచి కిరాణా కొట్టు దాకా అన్నీ బంద్. ఎంత తొందరున్నా షట్టరు ముందు నిలబడాల్సిందే. ఇన్నేళ్లూ ఆ గడియారంతోనే బండి తోలిన మనిషి కదా, ఇంగ్లండులో కూడా అదే లెక్క వేశాడు.

"పన్నెండు గాకముందే పెట్రోలు పోయించాలె. లేకుంటే అర్ధగంట ఎండల నిలవడాలె."

"ఆడ ఎండెక్కడిదయ్యా, వానలే గదా" అని వంటింట్లోంచి అమ్మ నవ్వేది. ఎండ లేదని అమ్మకు తట్టింది కానీ, అక్కడ సలాకు బంకులు మూయరని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఎంత అమాయకులమో!

బైబరీ దాటాక దారిలో ఒక చిన్న ముక్క మీద నా పేరు రాయించాడు. "ఆడ ఆడోళ్లు గూడ తోల్తరు బిడ్డా. నువ్వు పెద్దగైనంక గీ ముక్క నీది" అన్నాడు. ఇక్కడ అప్పటికి ఆడవాళ్లకు స్టీరింగ్ ముట్టుకునే వీలే లేదు. ఆ రాత నేను ఎంతమందికి చూపించుకున్నానో...

పేర్లన్నీ నాతోనే ఎందుకు చదివిస్తున్నాడని మాత్రం అడగలేదు. నాకు ఇంగ్లీషు నేర్పుతున్నాడనుకున్నా. గర్వంగా కూడా ఉండేది. ఒకరోజు బాపు పెన్సిలు రోడ్డు వదిలేసి పక్కకు పోయింది. "బాపూ, బండి పొలంల వడ్డది!" అని పడీ పడీ నవ్వాను. బాపు కూడా నవ్వాడు. నవ్వి, "అమ్మకు చెప్పకు, తిడ్తది" అన్నాడు.

నేను చెప్పలేదు.

ఎండాకాలం లైసెన్సు రెన్యూవల్ వచ్చింది. కంటి పరీక్షలో పై రెండు వరుసలు కూడా చదవలేకపోయాడు. షుగరు ఎప్పట్నుంచో కళ్లను తినేస్తోందనీ, ముందే తీసుకొస్తే కొంతైనా మిగిలేదనీ డాక్టరు చెప్పాడు. లైసెన్సు లేని డ్రైవరుతో కంపెనీకి ఏం పని? ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు, ఇక దేశం వదిలి ఇంటికి పోవడమే. మేం పెట్టెలు కట్టుకునే వారంలోనే సాబ్ ఉత్తరం వచ్చింది. అదీ నేనే చదివి వినిపించాను. బాపు ఉత్తరాన్ని ఆ పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని బట్టల అడుగున పెట్టాడు.

పెన్సిలు పక్కకు పోయిన రోజే అమ్మకు చెప్పి ఉంటే... ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను పీక్కు తింటుంది.

ఇప్పుడు నేను మళ్లీ సౌదీలోనే, ఖఫ్జీలో ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేస్తున్నా. అమ్మ పోయాక బాపును విజిట్ వీసా మీద తెచ్చుకున్నా. ఒక కంటికి వెలుగు, చీకటి తేడా తెలుస్తుంది, అంతే. నాకిప్పుడు ఇక్కడి లైసెన్సు ఉందని చెబితే ఆ కార్డు తీసుకుని చాలాసేపు తడిమి చూసుకున్నాడు. సలాకు బంకులు కూడా మూయడం లేదు బాపూ అంటే, "అట్లనా" అన్నాడు.

మొన్న శుక్రవారం బాపును కారులో పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్లాను. ఆ దారంతా నాకు కంఠతా వచ్చు. "బర్ఫర్డ్ దాటినం బాపూ... రెండు దిక్కులా పచ్చగ ఉంది. గొర్లు మేస్తున్నయ్" అని చెబుతూ పోయాను. బయట ఉన్నది ఇసుకే. బాపు చేతులు ఒళ్లో పెట్టుకుని వింటున్నాడు. నాకు ఆశ పుట్టింది. "బైబరీ వచ్చింది... వాన మొదలైంది" అని వైపర్ కూడా వేశాను.

రెండుసార్లు తిరిగిందో లేదో, బాపు తల ఇటు తిప్పాడు.

"బంద్ చెయ్ బిడ్డా... ఎండు అద్దం మీద తిప్పితే రబ్బరు పోతది."

ఆపేశాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. కాసేపటికి తనే మెల్లగా అన్నాడు.

"బైబరీ దాటినంక నీ ముక్కనే గదా... తోలు."

ఇప్పుడు ఫోను తీస్తే చాలు, ఏ దేశంలో ఏ దారైనా కళ్ల ముందుంటుంది... మా దారి గీసిన మనిషికే కళ్లు లేకుండా పోయాయి. మీ ఇంట్లో కూడా గీసి పెట్టుకుని పోలేకపోయిన దారి ఉంటే కింద చెప్పండి, చదువుతాను. అంతకంటే ముందు... మీ నాన్న ఏదైనా మీతో చదివించుకుంటుంటే, ఎందుకని ఒక్కసారి అడగండి.

నేను అడగలేదు.